తకూబా వీధిలో మక్కజొన్న టిఫిన్

మెక్సికో సిటీ పాతబస్తీలో తకూబా అని ఒక వీధి ఉంది. స్పెయిన్ వాళ్లు రాకముందు ఆ ఊరు సరస్సు మధ్య దీవి మీద ఉండేది. దీవి నుంచి పడమటి ఒడ్డుకు పోయే కట్ట ఒకటి ఉండేది. ఇప్పటి తకూబా వీధి ఆ కట్ట దారిలోనే ఉంది. 1520 జూన్ 30 రాత్రి స్పెయిన్ సేనాని కోర్తెస్ సైన్యం చావుదెబ్బ తిని పారిపోయింది ఆ కట్ట మీదుగానే. ఆ వీధిలో 28వ నంబరు భవనంలో కఫే దె తకూబా అనే హోటల్ 1912 నుంచి నడుస్తోంది. ఒక ఆదివారం పొద్దున నేను అక్కడ చేసిన టిఫిన్ గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ఈ బ్లాగులో ఇంతవరకు తిండి గురించి రాయలేదు. నా ఉద్యోగం మక్కజొన్న విత్తన పరిశోధన. పూత వేళకు మగపూలకు కాగితం సంచులు కట్టడం, పీచు మీద పుప్పొడి దులపడం, కోతకు వచ్చాక కంకికి ఎన్ని వరసలో లెక్కపెట్టడం, ఇదీ నా రోజువారీ పని. మెక్సికో వెళ్లింది కూడా ఈ పని మీదే. ఆ దేశ రాజధానికి కొద్ది దూరంలో, తెస్కోకో పక్కన ఎల్ బతాన్‌లో, సిమిట్ అనే అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఉంది. 1966లో ఏర్పడింది. గోధుమల మీద పనిచేసి 1970లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న నార్మన్ బోర్లాగ్ గారి సంస్థ అంటే చాలామంది గుర్తుపడతారు. మక్కజొన్న వాళ్లకు మాత్రం అక్కడి విత్తన బ్యాంకే గుడి లాంటిది. 28 వేలకు పైగా మక్కజొన్న నమూనాలు చల్లటి గదుల్లో భద్రంగా ఉన్నాయి. శిక్షణ కోసం అక్కడున్నప్పుడు సెలవు రోజున నన్ను ఈ హోటల్‌కు తీసుకొచ్చింది ల్యాబ్‌లో నా పక్కన పనిచేసే మెక్సికో అమ్మాయి. వాళ్లది త్లాష్కాలా రాష్ట్రం, రైతు కుటుంబం.

ఆ టేబుల్ దగ్గర నాకు ఏమైందో చెప్పాలంటే ముందు మా ఊరి సంగతి చెప్పాలి. మా జగిత్యాల వైపు మక్కలు అంటే అమ్ముకునే పంట. కల్లం నుంచి మార్కెట్ యార్డుకు పోతాయి. అక్కడి నుంచి కోళ్ల దాణా మిల్లుకో, స్టార్చ్ ఫ్యాక్టరీకో, ఈమధ్య ఇథనాల్ ఫ్యాక్టరీకో పోతాయి. ఇంట్లోకి వచ్చేవి పచ్చి కంకులు మాత్రమే. వానల్లో బొగ్గుల మీద కాల్చుకుంటాం, గారెలు వేసుకుంటాం. గింజ ఎండిందంటే ఇక అది మనుషుల తిండి కాదు. ఇన్నేళ్ల సర్వీసులో ఏ రైతు సదస్సులోనూ "ఈ రకం రుచి ఎట్ల ఉంటది మేడం" అని ఒక్కరు కూడా అడగలేదు. దిగుబడి అడుగుతారు. కత్తెర పురుగును తట్టుకుంటుందా అని అడుగుతారు. గింజ రంగు అడుగుతారు, ఎందుకంటే పసుపు చిక్కగా ఉంటే గుడ్డులో పచ్చసొనకు రంగు వస్తుందని కోళ్ల ఫారం వాళ్లు ఆ సరుకునే ఇష్టపడతారు.

రుచి అనే ప్రశ్న మొదటిసారి నాకు ఎదురైంది మెక్సికోలో. మా హైబ్రిడ్ల ఫొటోలు ఫోన్లో చూపిస్తుంటే ఆ అమ్మాయి "అన్నీ పచ్చవేనా? తినేవి ఏవి?" అంది. వాళ్ల దేశంలో తోర్తియా అనే పల్చటి మక్క రొట్టెకు ఎక్కువగా వాడేది తెల్ల మక్కజొన్న. పచ్చది పశువులకూ కోళ్లకూ వేస్తారు. నీలం, ఎరుపు, ఊదా, నలుపు గింజల నాటు రకాలు వేరే ఉన్నాయి, మొత్తం దాదాపు 60 జాతులు. ఏ జాతి తోర్తియాకు మెత్తగా ఉంటుంది, ఏది పులుసుల్లోకి బాగుంటుంది, ఏది అంబలికి చిక్కదనం ఇస్తుంది, ఇవన్నీ పల్లెల్లో ఆడవాళ్లకు తెలుసు. విత్తనం దాచేటప్పుడు ఆ లెక్కతోనే కంకులు ఏరుతారు. తొమ్మిది వేల ఏళ్ల కిందట ఆ దేశపు నైరుతి భాగంలో, బాల్సాస్ నది లోయలో, తెయోసింతె అనే గడ్డి నుంచి ఈ పంట పుట్టింది. ఆ గడ్డి కంకి వేలెడంత కూడా ఉండదు, గింజలు గట్టి పెంకులో ఇరుక్కుని ఉంటాయి. దాన్ని ఇప్పటి కంకిగా మార్చింది రైతులే, వంట చేసిన ఆడవాళ్లే.

ఇక హోటల్‌కు వద్దాం. మెక్సికో సిటీ సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తులో ఉంటుంది. పొద్దున స్వెట్టర్ లేకుండా కష్టం. మెట్రో రెండో లైనులో అయెందె స్టేషన్‌లో దిగి పైకొస్తే నాలుగడుగుల్లో హోటల్ వస్తుంది. పాతకాలపు భవనం. లోపల కమాను పైకప్పులు, గోడలకు సగం ఎత్తు వరకు రంగురంగుల పింగాణీ పలకలు, పెద్ద పెద్ద తైలవర్ణ చిత్రాలు. వాటిలో కన్యాస్త్రీలు మఠం వంటగదిలో మోలె చేస్తున్న బొమ్మ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఎండుమిర్చి, గింజలు, మసాలా దినుసులు, చాక్లెట్ కలిపి నూరే చిక్కటి పులుసది, ప్వెబ్లా నగరపు మఠాల్లో పుట్టిందని కథ చెబుతారు. వడ్డించే ఆడవాళ్లంతా తెల్ల యూనిఫాంలో, తల వెనక పెద్ద తెల్లటి రిబ్బన్ బోతో ఉన్నారు. చాలామంది నడివయసు దాటినవాళ్లు. టేబుళ్ల మధ్య తొందర లేకుండా తిరుగుతారు, కానీ ఏ కప్పు ఎప్పుడు ఖాళీ అయిందో వాళ్లకు తెలుసు.

ఈ హోటల్‌కు రాజకీయ చరిత్ర కూడా ఉంది. 1936 జూన్‌లో వెరాక్రూస్ రాష్ట్రానికి గవర్నర్‌గా గెలిచిన మాన్లియో ఫాబియో అల్తమిరానోను పదవిలోకి రాకముందే ఇక్కడే కాల్చి చంపారు. ఆ సంగతి విన్న తర్వాత కూడా నాకు ఆ గదిలో భయం అనిపించలేదు. పక్క టేబుల్ దగ్గర నలుగురు పిల్లలతో ఒక కుటుంబం, అవతల చర్చి నుంచి నేరుగా వచ్చినట్టున్న ముసలి దంపతులు, గది నిండా చాక్లెట్ వాసన, దాల్చినచెక్క వాసన.

మొదట రొట్టెల పళ్లెం వస్తుంది. తీపి రొట్టెలన్నిటినీ కలిపి పాన్ దుల్సె అంటారు. పైన గవ్వ గీతల్లాంటి చక్కెర పెచ్చు ఉండేది కోన్చా. ఏది కావాలో వేలు చూపిస్తే పట్టకారతో తీసి పెడతారు. రొట్టెల గురించి నేను ఎక్కువ రాయను, అవి గోధుమవి. బాగున్నాయి, మెత్తగా ఉన్నాయి, చాక్లెట్‌లో ముంచి తింటే ఇంకా బాగున్నాయి.

చాక్లెట్ సంగతి వేరు. కోకో గింజలు ఆ నేలవే. స్పెయిన్ వాళ్లు రాకముందు పెద్దింటివాళ్లు దాన్ని చక్కెర లేకుండా, నీళ్లతో, ఒక్కోసారి మిరపకాయ వేసుకుని తాగేవాళ్లు. నురగ కోసం ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి ఎత్తు నుంచి పోసేవాళ్లు. పాలు, చక్కెర, దాల్చినచెక్క తర్వాత వచ్చాయి. మొలినీయో అనే చెక్కిన కర్రకవ్వం కూడా అంతే, రెండు అరచేతుల మధ్య పెట్టి గిరగిరా తిప్పితే నురగ పొంగుతుంది. ఆ దాల్చినచెక్క శ్రీలంక నుంచి పోయేది, ఇప్పటికీ మెక్సికో శ్రీలంక చెక్కనే ఎక్కువగా కొంటుంది. మన సముద్రం వైపు నుంచి దాల్చినచెక్క అటు పోయింది. అటు నుంచి మిరప, టమాట, జామ, సీతాఫలం, బొప్పాయి, పల్లీ మన వైపు వచ్చాయి. మిరపను పోర్చుగీసు వాళ్లు 16వ శతాబ్దంలో తెచ్చారు. అంతకుముందు గుంటూరులో కారం అంటే మిరియమే. ఇదంతా పాఠాల్లో చదివిందే. కానీ ఆ కప్పు చేతిలో పట్టుకుని, ఎదురుగా మిరపకాయ సాల్సా, అంటే అక్కడి పచ్చడి, గిన్నె పెట్టుకుని కూర్చుంటే ఆ ప్రయాణం ఎంత పెద్దదో ఒంటికి తెలుస్తుంది.

నేను తెప్పించుకున్నది చిలకీలెస్. మెక్సికో ఇళ్లలో ముందురోజు తోర్తియాలు మిగిలితే పొద్దున చేసుకునేది ఇదే. తోర్తియాలను త్రికోణం ముక్కలుగా కోసి కరకరలాడేలా వేయిస్తారు. వేడి సాల్సాలో వేసి ఒక్కసారి తిప్పి దించేస్తారు. పైన పలుచటి పుల్లటి క్రీమ్, పొడిపొడిగా చిదిమిన తెల్ల చీజ్, ఉల్లి చక్రాలు. కోడి మాంసం పీచులుగా తీసి వేస్తారు, లేదంటే పొరటు కాని గుడ్లు రెండు పెడతారు. నేను గుడ్లు పెట్టమన్నాను. సాల్సా ఎరుపా ఆకుపచ్చా అని అడుగుతారు. ఆకుపచ్చది తొమాతీయోలతో చేస్తారు. చూడ్డానికి చిన్న పచ్చి టమాటలా ఉంటుంది, పైన కాగితంలాంటి పొర ఉంటుంది, పులుపు దానిదే. దాన్ని ఉడికించో కాల్చో పచ్చిమిర్చి, ఉల్లి, వెల్లుల్లి, కొత్తిమీరతో నూరతారు.

మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నాక కాసేపు మాట్లాడలేకపోయాను. అంచు ఇంకా కరకరలాడుతోంది, మధ్యలో సాల్సా పీల్చుకుని మెత్తబడింది. పులుపు, కారం, ఆ వెనక నిదానంగా మక్కజొన్న తీపి. కారం మనకు తెలిసిన కారమే, నాలుక మీద కొత్త ఏమీ లేదు. కొత్తగా ఉన్నది మక్కజొన్న వాసన. ఇన్నేళ్లుగా గింజను చేతుల్లో పట్టుకున్నాను, పిండి చేసి తేమ కొలిచాను, కానీ గింజకు ఇంత వాసన ఉంటుందని నాకు తెలియదు. అది గింజ వాసన ఒక్కటే కాదని, సున్నం చేసిన పని అని ఆ అమ్మాయి చెప్పింది. ఆ రసాయనం నాకు పుస్తకాల్లో తెలుసు. నోటికి తెలియడం ఆ పూటే మొదలు.

ఆ పద్ధతి ఇది. ఎండు మక్కలను నీళ్లలో వేసి, కొంచెం సున్నం కలిపి ఉడికిస్తారు. పొయ్యి ఆపేసి రాత్రంతా అలాగే నాననిస్తారు. పొద్దునకు గింజ పైపొర జారిపోయేలా అవుతుంది. నాలుగు నీళ్లు మార్చి కడుగుతారు. ఈ గింజను నిష్తమాల్ అంటారు. దాన్ని తడిగానే రుబ్బితే వచ్చే ముద్ద మాసా. పూర్వం ఇంటింటా ఆడవాళ్లు మూడు కాళ్ల రాతి పలక మీద మోకాళ్ల మీద కూర్చుని గంటల తరబడి నూరేవాళ్లు. ఇప్పుడు మిల్లులున్నాయి. మన మక్క రొట్టె చేసేవాళ్లకు ఒక బాధ తెలుసు. వేడినీళ్లు పోసి ఎంత పిసికినా అంచులు పగులుతాయి, చల్లారితే విరుగుతుంది. సున్నపు నీళ్లలో ఉడికిన పిండికి ఆ బాధ లేదు. జిగి వస్తుంది, పల్చగా ఒత్తొచ్చు, పెనం మీద పొంగుతుంది, మడిచినా విరగదు.

జిగి కన్నా పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. మక్కజొన్నలో నియాసిన్ అనే బి విటమిన్ ఉంటుంది, కానీ చాలావరకు మన ఒంటికి అందని రూపంలో బంధించి ఉంటుంది. సున్నం దాన్ని విడిపిస్తుంది. కాల్షియం కూడా కలుస్తుంది. మూడు వేల ఏళ్లకు పైగా అక్కడి ఆడవాళ్లు ఈ పని చేస్తున్నారు. యూరప్ వాళ్లు గింజను తీసుకుపోయారు, ఈ వంట పద్ధతిని తీసుకుపోలేదు. స్పెయిన్, ఇటలీ పల్లెల్లో పేదలు మక్కజొన్న గంజి మీదే బతికిన చోటల్లా పెలాగ్రా వచ్చింది. చర్మం పొక్కి నల్లబడడం, విరేచనాలు, మతి చలించడం, చివరికి చావు. 1735లో స్పెయిన్‌లో గాస్పర్ కసాల్ అనే డాక్టర్ దాన్ని మొదట వివరంగా రాశాడు. 20వ శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో వేలమంది దానికి బలయ్యారు. జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే అమెరికా డాక్టర్ అది అంటురోగం కాదు, తిండి లోపం అని ఏళ్ల తరబడి నిరూపించాల్సి వచ్చింది. నియాసినే మందు అని 1937లో గాని తేలలేదు. నిష్తమాల్ తిన్న ఊళ్లలో ఆ జబ్బు అంత లేదు. ఒక గిన్నెడు సున్నపు నీళ్లు ఎంతమందిని కాపాడాయో తలుచుకుంటే ఆ వంటగదుల మీద నాకు చెప్పలేనంత గౌరవం కలుగుతుంది.

ఈ కథలో మన హైదరాబాద్ కూడా ఉంది. దక్కన్‌లో జొన్నలు ప్రధానంగా తినే పేదల్లో కూడా పెలాగ్రా కనిపించేది. డాక్టర్ సి. గోపాలన్, శ్రీకాంతియా దాని మీద పనిచేసి, జొన్నల్లో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం కారణం కావచ్చని 1960లో ప్రకటించారు. తార్నాకలో ఇప్పుడున్న జాతీయ పోషకాహార సంస్థకు వాళ్ల పని ఒక పునాది. మక్కజొన్న మాంసకృత్తులను మెరుగుపరిచిన పనిలోనూ మనవాళ్ల చెయ్యి ఉంది. సిమిట్‌లో పంజాబ్ నుంచి వెళ్లిన సురిందర్ వాసల్, మెక్సికో జీవరసాయన శాస్త్రవేత్త ఎవాంహెలీనా వియేగాస్ కలిసి లైసిన్, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాలు ఎక్కువున్న మక్కజొన్నను తయారుచేశారు. 2000లో ఇద్దరికీ ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. ఆ బహుమతి అందుకున్న మొదటి మహిళ వియేగాస్. నా పళ్లెంలో చిలకీలెస్ పక్కన మెదిపి వేయించిన చిక్కుడు గింజలు కూడా ఉన్నాయి. మక్కజొన్నలో తక్కువైన లైసిన్ వాటిలో ఉంటుంది. అక్కడ పొలంలో మక్క కాండం మీదికి చిక్కుడు తీగ పాకిస్తారు, కింద గుమ్మడి పరుచుకుంటుంది. మన దగ్గర మక్క సాళ్ల మధ్య కంది వేసినవాళ్లకు ఈ లెక్క తెలుసు.

శాకాహారులకు ఒక మాట. ఆ చిక్కుడు ముద్దలో, తమాలె అనే ఆవిరి మీద ఉడికించే మక్క ముద్దల పిండిలో సాధారణంగా పంది కొవ్వు వేస్తారు. దాన్ని మాన్తెకా అంటారు. తిననివాళ్లు ముందే అడగండి, చెబుతారు, మొహం చిట్లించరు. నేను పంది తినను. అడిగి, నూనెతో చేసిన చిక్కుడు గింజలు పెట్టించుకున్నాను. తమాలె మాత్రం ఆ అమ్మాయి తిన్నది. మాసాను కొవ్వుతో కలిపి బాగా గిలకొడతారు, చిటికెడు ముద్ద నీళ్లలో వేస్తే తేలాలి, అప్పుడే పిండి సిద్ధమైనట్టు. మధ్యలో కోడి కూరో మిర్చి ముక్కలో పెట్టి, నానబెట్టిన ఎండు కంకి పైఆకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు విప్పగానే లేచిన ఆవిరి నా వైపే వచ్చింది. దక్షిణాన వహాకా వైపు అరటాకుల్లో చుడతారట.

ఇంతకీ ఆ పూట నేను మొదట రుచి చూసింది హోటల్లో కాదు. మెట్రో మెట్లు ఎక్కగానే ఫుట్‌పాత్ మీద ఒకావిడ పెద్ద ఆవిరి డబ్బా, ఇంకో పెద్ద గిన్నె పెట్టుకుని కూర్చుంది. చలికి చేతులు దాచుకున్న కూలీలు, ఆఫీసు బ్యాగుల వాళ్లు వరసగా నిలబడ్డారు. తమాలెను పొట్ట చీల్చిన బన్నులో పెట్టి ఇస్తోంది, నగరంలో చాలామందికి రోజూ పొద్దుటి కడుపుకూడు అది. గిన్నెలో ఉన్నది ఆతోలె. మాసాను నీళ్లలోనో పాలలోనో కలిపి, బెల్లం, దాల్చినచెక్క వేసి మరగబెట్టిన చిక్కటి వేడి అంబలి. ఒక గ్లాసు కొనుక్కుని నిలబడే తాగాను. మూతికి అంటుకునేంత చిక్కదనం, గొంతు దిగుతుంటే వెచ్చదనం. మా నాయనమ్మ చేసిన మక్క గట్క గుర్తొచ్చింది.

గట్క తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మక్కలను విసుర్రాయిలో రవ్వగా విసిరి, నీళ్లు మరిగించి అందులో పోసి, కట్టెతో తిప్పుతూ గట్టిగా ఉడికిస్తారు. మజ్జిగ పోసుకుని, తొక్కు నంచుకుని తింటారు. మా నాయనమ్మకు అది అన్నం. మా బాపుకు అది పేదరికం. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక మా ఇంట్లో గట్క కుండ మూలకు పోయింది. రోజూ వరి అన్నం తినడం అంటే బాపు దృష్టిలో మనిషిగా నిలబడడం. అది తప్పని నేను ఎన్నడూ అనను. కరువు రోజుల్లో వేరే దిక్కులేక తిన్న తిండిని ఎవరు మళ్లీ కోరుకుంటారు? మా చెల్లె పెళ్లిలో ఎవరో సరదాగా మక్క గట్క పెడదామంటే బాపు గట్టిగా వద్దన్నాడు, "మనింటికి వచ్చినోళ్లకు గట్క పెడతమా" అన్నాడు.

మెక్సికోలో కూడా మక్కజొన్నకు ఆ చిన్నచూపు ఉండేది. వలస పాలకులకు గోధుమ రొట్టె క్రైస్తవుల తిండి, తోర్తియా స్థానికుల తిండి. 1899లో ఫ్రాన్సిస్కో బుల్నెస్ అనే ఆ దేశపు రాజకీయ నాయకుడు ప్రపంచ ప్రజలను గోధుమ జాతులు, వరి జాతులు, మక్కజొన్న జాతులు అని విడదీసి, వెనకబాటుకు మక్కజొన్నే కారణమన్నట్టు రాశాడు. అయినా ఆ దేశం తన గింజను పళ్లెంలోంచి తీసేయలేదు. 2010లో మెక్సికో సంప్రదాయ వంటను యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది, దాని నడుమ ఉన్నది మక్కజొన్న, చిక్కుడు, మిరపే. నన్ను కదిలించింది జాబితా కాదు. బయట ఫుట్‌పాత్ మీద కూలీ చేతిలో ఉన్నదీ, లోపల పింగాణీ పలకల గదిలో ఆదివారం బట్టలు వేసుకున్న ముసలాయన పళ్లెంలో ఉన్నదీ ఒకే మాసా. ఇద్దరిలో ఎవరికీ అది తక్కువ తిండి అనిపించడం లేదు. మన దగ్గర గింజకు అలాంటి చోటు ఎక్కడైనా మిగిలి ఉందా అని ఆ పూటంతా ఆలోచిస్తూనే ఉన్నాను.

చివర్లో కఫే దె ఓయా తాగాం, మట్టికుండలో బెల్లం, దాల్చినచెక్కతో మరిగించిన కాఫీ. అది కూడా బాగుంది, కానీ అప్పటికే కడుపు నిండిపోయింది. అక్కడివాళ్లు ఇంత తిన్నాక మధ్యాహ్నం రెండు మూడు దాకా మళ్లీ వంటింటి వైపు చూడరు. అసలు భోజనం అప్పుడే. మామూలు రోజుల్లో పొద్దునే ఒక కాఫీ, ఒక రొట్టె తిని పనికి పోయి, పది పదకొండు గంటలకు ఇంకో గట్టి టిఫిన్ చేసేవాళ్లు కూడా చాలామంది ఉన్నారు. ఆదివారం మాత్రం ఈ హోటల్‌కు పొద్దుటే వెళ్లండి. ఆలస్యమైతే బయట నిలబడాల్సి వస్తుంది.

ఇంటికి వచ్చాక నేనే చేసి చూశాను. కిలో ఎండు మక్కలకు మూడు లీటర్ల నీళ్లు, పది గ్రాముల సున్నం. తమలపాకులకు వాడే తినే సున్నమే వాడాలి, గోడలకు వేసేది ముట్టుకోవద్దు. గింజ పైపొర గోటికి జారేదాకా ఉడికించి, మూతపెట్టి రాత్రంతా ఉంచాలి. పొద్దున చేతులతో రుద్ది, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. ఇత్తడి, అల్యూమినియం గిన్నెలు వద్దు, స్టీలుది వాడండి. మన పచ్చ హైబ్రిడ్ల గింజ గట్టిది, ఎక్కువసేపు ఉడకాలి, గ్రైండర్ కూడా చాలాసేపు తిరగాలి. రొట్టె పొంగింది, మడిస్తే విరగలేదు. వాసన మాత్రం తకూబా వీధి వాసనలో సగమే వచ్చింది. నాటు తెల్ల గింజతో చేస్తే ఎలా ఉంటుందో చూడాలి.

అందుకే ఒకటి అడుగుతున్నాను. ఆదిలాబాద్ వైపు గాని, జగిత్యాల, ఖమ్మం, పాడేరు వైపు గాని ఎవరి ఇంట్లోనైనా తెల్ల మక్కలో, రంగు మక్కలో, తాతల నాటి విత్తనం ఇంకా పెరట్లో వేస్తుంటే కింద కామెంటులో రాయండి. రెండు కంకులు చాలు. విత్తనం మీ పేరు మీదే నమోదు చేయిస్తాను. దాంతో పాటు మీ ఇంట్లో దాన్ని ఎలా వండేవారో కూడా రాయండి. గట్క అయినా, అంబలి అయినా, పేలాలయినా సరే, ముఖ్యంగా మీ నాయనమ్మలో అమ్మమ్మలో అందులో సున్నం గాని బూడిద గాని కలిపిన గుర్తుంటే తప్పకుండా చెప్పండి.